ముందు తన్నులాట, తర్వాత షేక్‌హ్యాండ్

సూపర్‌హీరోల క్రాసోవర్ కామిక్స్ గురించి ఏమైనా అడగండి అని కిందటి సంచికలో రాశాను. వేర్వేరు పుస్తకాల హీరోలు ఒకే కథలో కలిస్తే అది క్రాసోవర్. ఉత్తరాల్లో సగం "ఎవరు గెలుస్తారు?" అనేవే. వాటన్నిటికీ కలిపి ఒక్కచోటే జవాబిచ్చాను, వెతుక్కోండి.

ప్రశ్న: ఇద్దరూ మంచివాళ్లే కదా, కలవగానే ఎందుకు కొట్టుకుంటారు? కూర్చుని రెండు మాటలు మాట్లాడుకుంటే చాలదా?

చాలు. కానీ కథ రెండో పేజీలోనే అయిపోతుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇప్పటి మార్వెల్ కంపెనీకి టైమ్లీ అని పేరున్న రోజుల్లో, 1940లోనే, నిప్పు వీరుడు హ్యూమన్ టార్చ్‌కీ నీటి వీరుడు సబ్‌మెరైనర్‌కీ పోరు పెట్టారు. ఎవరూ గెలవలేదు.

అసలు చిక్కు 1976లో వచ్చింది. సూపర్‌మ్యాన్ డీసీ వాళ్ల ఆస్తి, స్పైడర్‌మ్యాన్ మార్వెల్ వాళ్ల ఆస్తి. ఇద్దరూ ఒకే పుస్తకంలో కొట్టుకోవాలి, ఎవరి పరువూ పోకూడదు. నిజానికి సూపర్‌మ్యాన్ గట్టిగా తుమ్మితే స్పైడర్‌మ్యాన్ పక్క వీధిలో పడతాడు. అందుకని రచయిత జెర్రీ కాన్వే, విలన్ లెక్స్ లూథర్ చేత చాటు నుంచి స్పైడర్‌మ్యాన్ మీదికి ఎర్ర సూర్యుడి కిరణాలు కొట్టించాడు. వాటి ముందు సూపర్‌మ్యాన్ బలం పనిచెయ్యదు. దాంతో స్పైడర్‌మ్యాన్ గుద్దుకు సూపర్‌మ్యాన్ ఎగిరి పడతాడు. ఇది లాయర్లు కూర్చుని రాసిన సైన్సు! అయితే అదే కొట్లాటలో సూపర్‌మ్యాన్ కోపంతో పిడికిలి విసిరి, ఇది తగిలితే ఎదుటివాడు చస్తాడని తోచి ఆఖరి క్షణంలో ఆపేస్తాడు. ఆ గాలికే స్పైడర్‌మ్యాన్ కొట్టుకుపోతాడు. సూపర్‌మ్యాన్ ఎలాంటివాడో చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఇలాంటి చోటు ఒకటి దొరికితే చాలు, సాకు ఎంత పిచ్చిదైనా నేను సర్దుకుపోతాను.

ప్రశ్న: బ్యాట్‌మ్యాన్ ఒకసారి హల్క్‌ను పడగొట్టాడని మా స్నేహితుడు పందెం కాస్తున్నాడు. నిజమేనా?

పందెం డబ్బులు ఇచ్చేయండి. 1981 నాటి కథ. బ్యాట్‌మ్యాన్ మత్తు గ్యాస్ వదులుతాడు, రాక్షస బలమున్న హల్క్ ఊపిరి బిగబడతాడు. బ్యాట్‌మ్యాన్ ఎగిరి అతని పొట్టలో ఒక్క తన్ను తంతాడు. హల్క్ "హుఁ" అని నోరు తెరిచి గ్యాస్ పీల్చేస్తాడు. మామూలు మనిషి కాలు అక్కడ ముక్కలవ్వాలి కదా అంటే, అవ్వాలి. కానీ బొమ్మలు వేసింది హోసే లూయిస్ గార్సియా-లోపెజ్. ఆయన గీతలో ఆ తన్ను ఎంత నమ్మకంగా పడుతుందంటే, అనుమానం మనకు పేజీ తిప్పాక గానీ రాదు. బలం లేనివాడు బుర్రతో బతకడమే బ్యాట్‌మ్యాన్ కథ. హల్క్ ఎదురుగా నిలబెడితే ఆ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: సూపర్‌మ్యాన్, హల్క్... ఎవరు గెలుస్తారు? (ఈ ఒక్క ప్రశ్నే రకరకాల పేర్లతో చాలామంది అడిగారు.)

ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్లు. వేళాకోళం కాదు. 1996లో డీసీ, మార్వెల్ కలిసి పదకొండు పోరాటాలు పెట్టి, అందులో ఐదింటి ఫలితం పాఠకుల ఓటుకు వదిలేశాయి. సూపర్‌మ్యాన్ నెగ్గాడు. మార్వెల్ వాళ్ల గోళ్ల వీరుడు వుల్వరీన్ చేతిలో డీసీ వాళ్ల లోబో ఓడిపోయాడు. గ్రహాలు దాటి వచ్చి తన్నే లోబో ఎలా ఓడాడో చూపించలేక, ఇద్దరినీ బార్ కౌంటర్ వెనక్కి పంపి, కాసేపటికి వుల్వరీన్‌ను మాత్రం పైకి లేపారు. కౌంటర్ వెనక ఏం జరిగిందో దేవుడికే తెలియాలి.

ఆ పుస్తకంలో నాకు నచ్చింది మాత్రం ఓడిపోయిన మనిషే. వండర్ ఉమన్‌కు థోర్ సుత్తి దొరుకుతుంది. అర్హత ఉన్నవాళ్లకే లేచే ఆ సుత్తి ఆమె చేతికి సులువుగా లేస్తుంది. అయితే మెరుపులు రప్పించే స్టార్మ్‌తో పోటీ న్యాయంగా ఉండాలని దాన్ని పక్కన పెట్టేస్తుంది, మెరుపు దెబ్బలు తిని ఓడిపోతుంది. ఓట్లు పడలేదు, పాపం. గెలిచినవాళ్ల కంటే ఆమే నాకు గుర్తుండిపోయింది.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. "పెద్ద ఈవెంట్" కొనిపెట్టమంటున్నాడు. అది కొంటే దానికి తోకలుగా ఇంకెన్నో కొనాలట. ఏం చెయ్యమంటారు?

అమ్మా, ఈవెంట్ అంటే చాలామంది హీరోలు కలిసే పెద్ద కథ, తోకలంటే దానికి అంటించిన పక్క పుస్తకాలు. తోకలు వద్దు. అసలు కథ ఒక సంపుటంగా దొరుకుతుంది, అది చాలు. మిగతావి చాలావరకు "అదే సమయంలో ఇంకో హీరో ఏం చేస్తున్నాడంటే" అనే బాపతు.

మొదటిసారికి 1984 నాటి సీక్రెట్ వార్స్ ఇవ్వండి. పన్నెండు భాగాలు. మాటెల్ కంపెనీ ఆటబొమ్మలు అమ్ముకోవడానికి తోడుగా పుట్టిన కథ అది, ఆ సంగతి దాచుకోదు కూడా. బియాండర్ అనే ఒక మహాశక్తి హీరోల్నీ విలన్లనీ ఒక గ్రహం మీద పడేసి, శత్రువుల్ని చంపండి, కోరింది ఇస్తానంటాడు. ఎందుకంటే ఏమీ లేదు, వాడికి తోచింది. అంత పసిపిల్లల ఆటలోనే ఒక చక్కటి ఘట్టం ఉంది. హీరోల మీద కొండల వరుస కూలిపోతుంది, హల్క్ ఒక్కడే దాన్ని భుజాన మోస్తుంటాడు. కోపం తగ్గితే అతని బలం తగ్గుతుంది. అందుకని హీరోల్లో శాస్త్రవేత్త అయిన రీడ్ రిచర్డ్స్ కావాలనే అతన్ని అవమానిస్తూ, తిడుతూ ఉంటాడు. మీ అబ్బాయి ఆ పేజీలు మీకు చదివి వినిపిస్తాడు, చూడండి.

ప్రశ్న: వీళ్లు చావడం, మళ్లీ బతకడం ఏమిటండీ? ఏడిస్తే మనమే వెర్రివాళ్లమవుతున్నాం.

నిజమే. డీసీ 1985లో మొదలుపెట్టిన క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్‌లో సూపర్‌గర్ల్ చనిపోయింది, మరుసటి భాగంలోనే మెరుపులా పరిగెత్తే ఫ్లాష్ (అసలు పేరు బ్యారీ ఆలెన్) చనిపోయాడు. బ్యారీ తిరిగి రావడానికి 2008 దాకా పట్టింది. ఈ రంగంలో అంతకాలం చచ్చిపోయి ఉండటం గొప్ప నిజాయితీ కింద లెక్క.

ఆ కథ రావడానికి కారణం కూడా బ్యారీయే. 1961లో అతను ఇంకో భూమ్మీదికి వెళ్లి పాత ఫ్లాష్ జే గ్యారిక్‌ను కలుసుకుంటాడు. చిన్నప్పుడు కామిక్ పుస్తకాల్లో చదివిన హీరో ఎదురుగా నిలబడతాడు! ఆ కామిక్స్ రాసిన గార్డ్‌నర్ ఫాక్స్‌కు నిద్రలో ఆ రెండో భూమి కనిపించేదేమో అని బ్యారీ అనుకుంటాడు. ఈ కథ రాసిందీ ఆ ఫాక్సే. ఇంత ముద్దుగా మొదలైన రెండో భూమి తర్వాత మూడైంది, నాలుగైంది, చివరికి లెక్క తెలియని గందరగోళమైంది. ఆ చెత్త ఊడ్చడానికే 1985లో అన్ని చావులు కావాల్సి వచ్చాయి. కథ పెద్దదైనకొద్దీ మనుషులు చిన్నవాళ్లవడం నాకు ఎక్కువ కనిపించింది ఇలాంటి ఈవెంట్లలోనే.

ప్రశ్న: స్టార్ ట్రెక్, ఎక్స్‌మెన్ కలిశారా? ఎందుకు?

కలిశారు, 1996లో. అంతరిక్ష నౌక సీరియల్ స్టార్ ట్రెక్‌లోనూ, వింత శక్తులవాళ్ల జట్టు ఎక్స్‌మెన్‌లోనూ ఒక్కో డాక్టర్ మెకాయ్ ఉన్నాడు కాబట్టి. పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. నాకైతే అది చాలిన కారణమే.

ప్రశ్న: మీరు చదివినవాటిలో అన్నిటికంటే తలతిక్కది ఏది?

1994 నాటి ఆర్చీ మీట్స్ ద పనిషర్. ఒకడు కాలేజీకి ముందు వయసులో ఇద్దరమ్మాయిల మధ్య నలిగే కుర్రాడు, ఇంకొకడు తుపాకీతో నేరస్థుల్ని ఏరిపారేసేవాడు. పనిషర్ వెతుకుతున్న దొంగ అచ్చం ఆర్చీలాగే ఉంటాడు, అంతే కథ. పనిషర్‌ను జాన్ బుసీమా తన గంభీరమైన గీతతో వేశాడు, ఆర్చీని స్టాన్ గోల్డ్‌బర్గ్ ఎప్పటిలాగే గుండ్రంగా వేశాడు. రెండు రకాల బొమ్మలూ ఒకే పేజీలో పక్కపక్కనే తిరుగుతాయి. ఒక్కరు కూడా "ఏమిటీ పిచ్చి కథ" అని పాఠకుడికి కన్ను కొట్టరు. రచయిత బ్యాటన్ లాష్ చేసిన మంచి పని అదే. విశ్వాలు బద్దలయ్యే కథలు రాసేవాళ్లకు ఇంత క్రమశిక్షణ ఉంటే ఎంత బాగుండేది!

ప్రశ్న: మీకు అవకాశమిస్తే ఎవరిని కలుపుతారు?

బ్యాట్‌మ్యాన్ ఇంట్లో పనిచేసే ఆల్ఫ్రెడ్‌నూ, స్పైడర్‌మ్యాన్‌ను తిట్టడమే పనిగా పెట్టుకున్న ఎడిటర్ జేమ్సన్‌నూ చెడిపోయిన లిఫ్టులో. ముప్పై పేజీలు. విలన్ అక్కర్లేదు. జేమ్సన్ అరుస్తూ ఉంటాడు, ఆల్ఫ్రెడ్ "అలాగేనండి" అంటూ ఉంటాడు. ఎవరు గెలుస్తారని మాత్రం అడగకండి, ఓటు పెట్టినా ఆల్ఫ్రెడే.