గుహలు సున్నపురాయిలోనే ఎందుకు?

ప్రశ్న: బెలుం గుహలు చూసి వచ్చాం. అంత గట్టి రాయిలో నీళ్లు కిలోమీటర్ల పొడవున సొరంగాలు ఎలా చేశాయి? హైదరాబాద్ బండల్లో ఎందుకు చేయలేకపోయాయి?

జవాబు: ఆ పనిలో పెద్ద వాటా నీటిలోని పులుపుది, వరద కోత తర్వాతి మాట. వానచినుకు గాలిలో కలుపుకునే కార్బన్ డయాక్సైడ్ కొంచెమే. వేళ్లు, సూక్ష్మజీవులు ఊపిరి వదిలే మట్టిలో అది బయటి గాలిలో కన్నా పదుల రెట్లు ఉంటుంది. ఆ మట్టిలోంచి దిగిన నీరు పలుచని ఆమ్లమై, పగుళ్ల వెంట సున్నపురాయిని కరిగించుకుపోతుంది. వెంట్రుకంత పగులులో ఇది మహా నిదానం: కొద్ది దూరం పోయేసరికే నీటి పులుపు చాలావరకు అయిపోతుంది. పగులు సెంటీమీటరుదాకా వెడల్పయితే పుల్లటి నీరు లోతుగా పారి, కరగడం ఊపందుకుంటుంది. ఇలాంటి సొరంగాలు చాలావరకు నీళ్లతో నిండి ఉన్నప్పుడే తయారవుతాయి. భూగర్భజలం దిగిపోయాక మనకు దారి దొరుకుతుంది. బెలుంలో కొలిచిన పొడవు 3,229 మీటర్లు, లోపల పాతాళగంగ అనే చోట లోతు 46 మీటర్లు. పైన మాత్రం మామూలు చేలే!

హైదరాబాద్ బండలు గ్రానైట్. అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం దాదాపు కరగదు. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం బంకమన్నుగా మారుతుంది గానీ చాలావరకు అక్కడే ఉండి సందు పూడ్చేస్తుంది. సున్నపురాయి కరిగితే మిగిలే మడ్డి చాలా తక్కువ, అందుకే ఖాళీ ఏర్పడుతుంది. హైదరాబాద్‌లో గుహల్లా కనిపించేవి గుండ్ల మధ్య సందులే.

ఇంట్లోనే తేల్చుకోవాలంటే నాపరాయి (ఇదీ సున్నపురాయే) ముక్కను పొడి చేసి వెనిగర్ చుక్కలు వేయండి, బుడగలు వస్తాయి. గ్రానైట్ పొడి ఉలకదు. నాపరాయి గచ్చు మీద బాత్రూమ్ యాసిడ్ పోస్తే నునుపు పోయేదీ ఇందుకే, దయచేసి పోయకండి.

ప్రశ్న: పెరట్లో తవ్వితే అడుగు లోతులోనే మొరం తగిలింది. మామిడి మొక్క పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. మొరం అంటే సగం కుళ్లిన గ్రానైట్. ఇనుము తుప్పు పట్టడం వల్లే ఆ ఎరుపు. బంకమన్ను, సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి నీరు, ఎరువు నిలవవు. మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి, మూడు పాళ్లు పైమట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. చెరువు మట్టి దొరికితే కొంత కలపండి.

నింపేముందు ఒక పరీక్ష తప్పనిసరి: గుంతనిండా నీళ్లు పోసి వదిలేయండి. తెల్లారేసరికి ఇంకకపోతే అడుగున పగలని బండ ఉండొచ్చు. గడ్డపారతో పగిలితే పగలగొట్టండి, లేదంటే చోటు మార్చండి. అలాగే నాటితే వానాకాలంలో నీరు నిలిచి వేరు కుళ్లే ప్రమాదం ఉంది.