స్నేహం చెడితే చదువు ఎందుకు ఆగిపోతుంది? ఇంట్లో ఏం చేయొచ్చు?

పదహారేళ్ల మా అమ్మాయి ప్రాణస్నేహితురాలితో మాటలు పోయినప్పటి నుంచి పుస్తకం ముందు కూర్చుంటోంది గానీ ఏదీ తలకెక్కడం లేదు, ఫోన్ లాక్కోమంటారా అని అడిగారు. లాక్కోకండి. ముందు నిద్ర సంగతి చూడండి.

చదివేటప్పుడు మనసులో ఒకేసారి నిలిచేవి నాలుగైదు విషయాలే. 'అలా ఎందుకన్నాను, రేపు క్లాసులో ఎవరి పక్కన కూర్చోవాలి' అన్న దిగులు అందులో సగం చోటు తినేస్తే, లెక్కలో మూడో మెట్టుకు వచ్చేసరికి మొదటిది జారిపోతుంది. దీన్ని బద్ధకమనుకుని తిడితే ఉన్న దిగులుకు ఇంట్లో గొడవ తోడవుతుంది.

ఈ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది గట్టిపడేది అప్పుడే. స్నేహాల తగవులేమో రాత్రి మెసేజ్‌లలోనే ముదురుతాయి. అందుకని పడుకోవడానికి గంట ముందు ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, హాల్లో ఛార్జింగ్‌కి పెట్టేయండి. పగలు తన దగ్గరే ఉండనివ్వండి. మిగిలిన స్నేహాలు కూడా అందులోనే ఉన్నాయి కదా.

ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే ఏ పిల్లయినా బిగుసుకుపోతుంది. బట్టలు మడతపెడుతూనో, నడుస్తూనో "ఈమధ్య దిగులుగా ఉంటున్నావు, ఏమైందమ్మా?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. చెబితే, సలహా ఇవ్వకుండా వినండి. "దీనికేనా, ఇంకో ఫ్రెండ్ దొరకదా" అన్నారంటే మళ్లీ మీకేదీ చెప్పదు. ఆ అమ్మాయి తల్లికి ఫోన్ చేసి రాజీ కుదర్చబోకండి. వేధింపులైతే మాత్రం వేరే సంగతి, స్క్రీన్‌షాట్లు దాచి స్కూలుతో మాట్లాడాలి.

చదువుకు కూర్చోగానే బుర్రలో తిరుగుతున్నది కాగితం మీద రాసి పక్కన పెట్టమనండి. 20 నిమిషాలు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాయాలి. ధ్యాస ఎక్కడ తప్పిందో తనకే తెలుస్తుంది. తర్వాత 5 నిమిషాలు లేచి తిరగాలి. క్లాస్ టీచర్‌కి కథంతా అక్కర్లేదు. తనను అడిగి ఒప్పుకున్నాక, కొన్నాళ్లు గ్రూపు పనుల్లో వేరేవాళ్లతో కలపమంటే చాలు. నేను దీనికే ఎక్కువ విలువిస్తాను, ఎందుకంటే రోజూ క్లాసులో ఎదురయ్యే భయాన్ని మూలంలోనే తగ్గించేది ఇదే.

రెండు వారాలు దాటినా తిండి, నిద్ర కుదుటపడకపోయినా, ఇష్టమైన పనులన్నీ మానేసినా కౌన్సిలర్ దగ్గరికి తీసుకెళ్లండి. బతకాలని లేదన్న మాట వస్తే ఆ రోజే వెళ్లాలి, తనను ఒంటరిగా వదలకూడదు. అనుమానంగా ఉంటే నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.