కబడ్డీ ఆడాక పిక్క నొప్పి, వాపు... రక్తం గడ్డ కట్టిందా?

ప్రశ్న: నా వయసు 44. హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. బీపీకి మాత్ర వేసుకుంటాను, షుగర్ లేదు. సంక్రాంతికి భీమవరం దగ్గర మా ఊరికి కుటుంబంతో కారులో వెళ్లాం. ట్రాఫిక్ వల్ల 11 గంటలు పట్టింది, నేనే నడిపాను. మర్నాడు ఊళ్లో పెళ్లయినవాళ్లకీ కానివాళ్లకీ కబడ్డీ పెడితే ఆడాను. కూతకెళ్లి ఎడమ కాలితో బోనస్ గీత అందుకోబోతుంటే కుడి పిక్క మీద వెనక నుంచి ఎవరో తన్నినట్టయింది. చూస్తే ఎవరూ లేరు. ఇంట్లో వేడి నూనెతో రెండు రోజులు మర్దన చేశారు. హైదరాబాద్ వచ్చాక వాపు పెరిగింది, చీలమండ దగ్గర నల్లగా కమిలింది. రక్తం గడ్డేమోనని మా ఆవిడ టెన్షన్ పడుతోంది. వచ్చే నెల అలిపిరి మెట్ల దారిలో తిరుమల వెళ్లాలని మొక్కు ఉంది. ఎక్కొచ్చా?

జవాబు: ముందు మర్దన ఆపేయండి. ఇవాళే, కుదరకపోతే రేపు పొద్దున్నే, కాలి సిరల్లో రక్తం గడ్డ ఉందేమో చూసే వీనస్ డాప్లర్ స్కాన్ చేయించుకోండి. పరగడుపున వెళ్లక్కర్లేదు, సూది ఉండదు, అరగంటలో తేలిపోతుంది.

మీరు చెప్పిన లక్షణాలు చూస్తే పిక్క కండరం చిరిగినట్టే ఉంది. బోనస్ రావాలంటే వెనక కాలు గాల్లోకి లేవాలి కదా, ఆ లేచే ముందు క్షణంలో మోకాలు చాచి, మడమ నేలకి ఆనించి, ఒంటి బరువంతా ఒక్క పిక్క మీద వేసి తోస్తారు. పిక్క లోపలి వైపు కండరం సరిగ్గా అలాంటప్పుడే చిరుగుతుంది, నలభై దాటినవాళ్లలో మరీను. వెనక ఎవరో తన్నారనో రాయి విసిరారనో అనుకోవడం ఈ దెబ్బకి గుర్తులాంటిది, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. చీలమండ దగ్గర నలుపు కూడా భయపడాల్సింది కాదు, పిక్కలో కారిన రక్తం కొన్నాళ్లకి కిందికి దిగి అక్కడ కనిపిస్తుంది. రిపోర్టులో ‘టెన్నిస్ లెగ్’ అని రాస్తే కంగారు పడకండి, దీన్నే అలా అంటారు.

మరి స్కాన్ ఎందుకంటే, మీ ఆవిడ అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు కాబట్టి. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం నెమ్మదిస్తుంది, మీరు 11 గంటలు కూర్చున్నారు, దెబ్బ తగిలాక మళ్లీ అంత దూరం వెనక్కి వచ్చారు. కండరం చిరిగి వాచిన కాల్లో కూడా గడ్డ కట్టొచ్చు, అంటే రెండూ ఒకేసారి ఉండొచ్చు. పైగా తిరిగొచ్చాక వాపు తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇంట్లో టైలరు టేపుంటే మోకాలిచిప్ప కింద తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి దిగి రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. తేడా 3 సెంటీమీటర్లు దాటితే అనుమానం ఇంకా గట్టిదవుతుంది. దాటలేదని మాత్రం స్కాన్ మానొద్దు. గడ్డ ఉన్న కాలిని పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదముంది, అందుకే మర్దన వద్దంటున్నాను. ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం, వీటిలో ఏది కనిపించినా స్కాన్ సంగతి వదిలేసి 108కి ఫోన్ చేయండి. పాదం చల్లబడి తిమ్మిరెక్కినా, నొప్పి భరించలేనంత అయినా అంతే.

ఇంకొకటి చూడాలి. మంచం మీద బోర్లా పడుకుని పాదాలు అంచు బయటికి వేలాడేయండి, మీ ఆవిడని కుడి పిక్క మెల్లగా ఒక్కసారి నొక్కమనండి. పాదం కిందికి కదలాలి. కదలకపోతే తెగింది కండరం కాదు, మడమ వెనక తాడులా ఉండే స్నాయువు, అప్పుడు ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లాలి.

గడ్డ లేదని తేలితే మిగతాదంతా ఓపిక పని. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోండి, క్రేప్ బ్యాండేజ్ మరీ బిగించకుండా కట్టుకోండి, చెప్పుల్లో మడమ కింద చిన్న మెత్త పెడితే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. నొప్పికి పారాసిటమాల్ 650 చాలు, ఆరు గంటల ఎడం ఇచ్చి రోజుకి నాలుగుకి మించకుండా. మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మీలాంటి బీపీ ఉన్నవాళ్లు సొంతంగా మింగకూడదు, బీపీ పెంచుతాయి, కిడ్నీలకీ భారమే. రక్తం పలచబడాలని ఇంట్లో పెద్దవాళ్ల ఎకోస్ప్రిన్ తీసి వేసుకునేవాళ్లున్నారు, చిరిగిన కండరంలో రక్తం ఇంకా కారుతుంది, దయచేసి ఆ పని చేయకండి. మీది కుడికాలు, సడన్‌గా బ్రేక్ తొక్కినా నొప్పి రాదు అనుకునేదాకా కారు నడపొద్దు.

పది రోజుల్లో నొప్పి తగ్గుతుంది, అసలు చిక్కు అక్కడే. తగ్గింది కదా అని మళ్లీ దిగితే అదే చోట చిరుగుతుంది, ఈసారి ఇంకాస్త ఎక్కువ. చిన్న చిరుగుకి రెండు మూడు వారాలు, మధ్యస్థమైతే ఆరు వారాలో అంతకంటే ఎక్కువో పడుతుంది. ముందు కూర్చుని మడమలు లేపడం, తర్వాత రెండు కాళ్ల మీద నిలబడి, చివర్లో కుడికాలు ఒక్కదాని మీద. ఎడమకాలితో ఎన్నిసార్లు మడమ లేపగలరో కుడికాలితో కూడా అన్నిసార్లు నొప్పి లేకుండా లేపగలిగితే అప్పుడు ఆట గురించి ఆలోచించండి. కబడ్డీ మానేయమని నేను చెప్పను. ఏడాదంతా కుర్చీలో కూర్చుని పండక్కి నేరుగా కూతకెళ్లడం మాత్రం మానండి. డిసెంబరు నుంచే రోజూ అరగంట నడక, మడమలు లేపే వ్యాయామం మొదలుపెట్టండి.

వచ్చే ఏడాది కారులో గంటన్నరకోసారి ఆగి అందరూ దిగి ఐదు నిమిషాలు నడవండి. దారిలో శుభ్రమైన బాత్రూం దొరకదని ఆడవాళ్లు మంచినీళ్లు మానేస్తుంటారు, ఆగే చోటు ముందే చూసుకుంటే ఆ బాధ ఉండదు.

ఇక తిరుమల. అలిపిరి దారిలో 3550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2388 కదా, అది తేలిక అంటారేమో, దూరం తక్కువే గానీ ఎక్కుడు నిటారు, పిక్కకి అదీ కష్టమే. మొక్కు వాయిదా వేయొచ్చా అన్నది ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, పిక్క వరకు నన్నడిగితే వచ్చే నెల బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి. డాప్లర్‌లో గడ్డ బయటపడితే ఆ ప్రయాణం కూడా మీ డాక్టర్ ఒప్పుకున్నాకే.