వోలటిలిటీకి అన్నిచోట్లా చంచలత్వం సరిపోదు

వోలటిలిటీ అనే ఆంగ్ల పదాన్ని ప్రతిచోటా ‘చంచలత్వం’ అని అనువదించవచ్చా అని మీరు అడిగారు. మీరు రాసిన ‘పెట్రోలు చంచలత్వం’ వింతగా వినిపించడానికి కారణం ఆ ఆంగ్ల పదం పుట్టుకలోనే ఉంది. ఎగరడం అనే అర్థమున్న లాటిన్ క్రియ వోలారే నుంచి వచ్చిన ఈ మాట, రసాయన శాస్త్రంలో ద్రవం తేలికగా ఆవిరైపోయే గుణాన్ని చెబుతుంది కాబట్టి, అక్కడ ‘బాష్పశీలత’ అనే రాయాలి.

షేర్ల విషయంలో ధర పడిపోవడమొక్కటే వోలటిలిటీ అని చాలామంది పొరబడతారు గాని, ధర ఒక్కసారిగా ఎగబాకడం కూడా అదే; అందుకే ‘ఒడిదుడుకులు’ చక్కగా అమరుతుంది. విద్యుత్తు పోగానే చెరిగిపోయే ర్యామ్ వంటి కంప్యూటర్ మెమరీకి ‘అస్థిర’ చాలు.

మనుషుల దగ్గరికి వస్తే జాగ్రత్త అవసరం. వోలటైల్ అన్నప్పుడు కోపం ఎప్పుడు భగ్గుమంటుందో తెలియని స్వభావం స్ఫురిస్తుంది. నిన్న మెచ్చినదాన్ని నేడు వదిలేసేవారిని ఫికిల్ అంటారు. మీ చంచలత్వం (నాకూ ఇష్టమైన మాటే) నిజానికి ఈ రెండో పదానికి చెందినది.

మీ రెండో వాక్యాన్ని, అంటే ‘పరిస్థితి వోలటైల్‌గా ఉంది’ అన్నదాన్ని, ‘పరిస్థితి ఏ క్షణాన ఎలా మారుతుందో చెప్పలేకుండా ఉంది’ అని విడమరిచి రాయండి.