దోమల్లో బెర్గీ ఎదగకపోతే
నమస్తే అండీ. ఎలుకకు మలేరియా బాగానే సోకింది, దోమలు దాని రక్తం తాగాయి, అయినా దోమల లాలాజల గ్రంథుల్లో స్పోరోజోయిట్లు (దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి ఎక్కే మలేరియా పరాన్నజీవి రూపం) లేవన్నారు. దోమల గది 27 డిగ్రీలన్నారు కదా, చిక్కంతా అక్కడే.

ఎలుకలకు మలేరియా తెచ్చే పరాన్నజీవి ప్లాస్మోడియం బెర్గీ సొంతిల్లు మన ల్యాబ్ తెల్లెలుక కాదు. కాంగోలోని కటంగా ఎత్తు ప్రాంతంలో, ఏటి ఒడ్డు అడవుల్లో రాత్రిపూట కొమ్మలమీద తిరిగే గ్రామోమిస్ అనే చిట్టెలుక. ఒంటికన్నా తోకే పొడవు. 1948లో విన్కె, లిప్స్ అనే శాస్త్రవేత్తలు ఈ పరాన్నజీవిని వేరుచేసింది దాని రక్తం నుంచే. ఆ అడవి చల్లన, అక్కడి దోమకూ, దానిలో పెరిగే బెర్గీకీ ఆ చల్లదనమే అలవాటు; 27 డిగ్రీలు దానికి వేడెక్కువ.

కొత్త దోమల బ్యాచ్‌ను 19–21 డిగ్రీల్లో ఉంచండి. టెన్షన్ పడి ముందే కోసి చూడకండి, మూడు వారాలు ఆగండి.