ఎర్ర గుడ్డ కట్టడం మర్చిపోకు

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. నారుమడి తడపాల్సిన పూటే పంపు నుంచి మడికి నీళ్ళు తెచ్చే డెలివరీ గొట్టం చీలడం, టౌనుకి పరిగెత్తితే కొట్లు కట్టేసి ఉండటం, నీ టెన్షన్ నాకు అర్థమైంది. చివర్లో "ఎలాగోలా కట్టేశాలే పెదనాన్నా" అన్నావు. ఆ ఎలాగోలా గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితమైతే మోటారు షెడ్డులో దాచుకుంటావు.

గొట్టానికి బైండింగు తీగ చుట్టానన్నావు. తీగ పట్టు ఇస్తుందిగానీ నీళ్ళని ఆపదు. నీళ్ళని ఆపేది రబ్బరు. పాత సైకిల్ ట్యూబుని పొడుగునా చీల్చి రెండంగుళాల వెడల్పు పట్టీ తియ్యి. ముందుగా గొట్టం చీలిక రెండు కొసల్లోనూ కాల్చిన సన్న మేకుతో చిన్న బెజ్జం పెట్టు. అలా చెయ్యకపోతే నువ్వు ఎంత కట్టినా పగులు లోపల్లోపల పాకుతూనే ఉంటుంది. గొట్టం పొడిగా తుడిచి, చీలికకి జానెడు ఇవతల మొదలుపెట్టు. పట్టీని సాగదీస్తూ చుట్టాలి. ఎంత సాగాలంటే పట్టీ వెడల్పు బాగా తగ్గేంత. ప్రతి చుట్టూ ముందు చుట్టుని సగం కప్పాలి. చీలిక దాటి జానెడు పోయాక, మళ్ళీ వెనక్కి చుట్టుకుంటూ రా. చివరి కొసని ఆఖరి చుట్టు కిందికి దూర్చి లాగితే అదే బిగుసుకుంటుంది. దాని మీద పురికొస కట్టుకో, తీగ మాత్రం వద్దు, రబ్బరుని కోసేస్తుంది. అలా కడితే ఈ తడి గట్టెక్కుతుంది.

డెలివరీ వైపు కారితే కంటికి కనిపిస్తుంది. పంపు నీళ్ళని పైకి లాగే సక్షన్ వైపు చిల్లి పడితే నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. పంపు తిరుగుతుంటుంది, నీళ్ళు పడవు. అప్పుడు అగరబత్తి వెలిగించి ఒక్కో జాయింటు దగ్గరా పట్టుకో. పొగ ఎక్కడ లోపలికి లాగితే అక్కడే చిల్లి. సక్షన్ గొట్టం అడుగున నీళ్ళు వెనక్కి దిగకుండా ఆపే ఫుట్ వాల్వు పట్టక నీళ్ళు దిగిపోతుంటే మన పెద్దవాళ్ళు పంపులో పేడనీళ్ళు పోసేవాళ్ళు. అది మొరటు పనేం కాదు. పేడలో ఉండే గడ్డి పీచు వాల్వు సందుల్లో అడ్డుపడి నీటిని నిలబెడుతుంది. ఒకటి రెండు రోజులు నడుస్తుంది, ఈలోగా వాషరు మార్చాలి.

ఆయిల్ ఇంజను డీజిలు ట్యాంకుకి సూది బెజ్జం పడితే బట్టల సబ్బు ముక్క గట్టిగా రుద్దు. సబ్బు డీజిల్లో కరగదు కాబట్టి నిలుస్తుంది. వెల్డింగుకి మాత్రం నువ్వు తీసుకుపోకు. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపల ఆవిరి నిండి ఉంటుంది, పేలుతుంది.

ఈ విద్యలన్నీ నేను నేర్చింది 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత. మన దివిసీమలో ఇంజన్లు ఉప్పు బురదలో కూరుకుపోయాయి. సామాను దొరికే దారే లేదు. మా మేస్త్రి ఇంజన్లని మంచినీళ్ళతో కడిగించి, డీజిలుతో తుడిపించి, ఎండలో ఆరబెట్టించేవాడు. ఇంజను అడుగున ఆయిలు ఉండే క్రాంకు కేసు పక్క మూతకి ప్యాకింగు లేకపోతే దళసరి పెళ్ళిపత్రిక తెప్పించేవాడు. దాన్ని మూత మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంబడి మెల్లగా తడుతూ పోతే ఇనుప అంచే అట్టని కోస్తుంది. బోల్టు బెజ్జాలు కూడా అలాగే పడతాయి. రెండు వైపులా గ్రీజు పూసి బిగిస్తే ఆయిలు చుక్క కారేది కాదు. ఇంజను పైమూత, అదే హెడ్డుకి మాత్రం అట్ట ఎప్పుడూ వెయ్యలేదు. ఆ వేడికీ ఒత్తిడికీ అది ఆగదు.

అలా నేను అట్ట వేసిన ఇంజన్లలో ఒకటి సరిగ్గా ఏడాదికి పట్టేసింది. అట్ట నాని, ఆయిలు కొద్ది కొద్దిగా కారిపోయి, బేరింగులు కాలిపోయాయి. అట్ట మంచిదే, పని కూడా మంచిదే. అది నాలుగు రోజుల పని అని నేను రైతుకి చెప్పలేదు, నేనూ మర్చిపోయాను. అది బాగా నడుస్తోంది కదా అని ఆయనా పట్టించుకోలేదు. ఆ రైతు వరి ఆ ఏడు ఎండిపోయింది. అప్పటినుంచి ఏ తాత్కాలిక పని చేసినా దానికి ఎర్ర గుడ్డ పేలిక కడతాను, గోడ మీద బొగ్గుతో తేదీ రాస్తాను. నువ్వూ ఇవాళే నీ గొట్టానికి కట్టు. కంటికి ఆనితేనే కొత్త గొట్టం కొనాలన్న సంగతి గుర్తుంటుంది.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. కొన్ని వస్తువులు పోవడానికే పెడతారు. ఫీజు వైరు, రోటవేటరుకి భారం ఎక్కువైతే ముందు తానే తెగిపోయే షియర్ బోల్టు, మీ అమ్మ కుక్కరు మూత మీది సేఫ్టీ వాల్వు. వాటికి మన తెలివి చూపించకూడదు. ఫీజు కొట్టేస్తోందని లావు రాగి పోగులు మెలేసి పెట్టేవాళ్ళని చూశాను. 5 హార్స్‌పవర్ మోటారు మూడు ఫేజుల మీద సుమారు 7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక ఫేజు పోతే ఆ భారం మిగతా వాటి మీద పడుతుంది, లావు పోగు తెగదు కాబట్టి మోటారు మూలుగుతూనే తిరుగుతుంది, లోపల వైండింగు, అంటే రాగి తీగ చుట్లు, ఉడికిపోతుంది. అలాంటి మోటారు విప్పితే కొన్ని చుట్లు నల్లగా మాడి, వాటి మధ్య చుట్లు కొత్తవాటిలా మెరుస్తూ వరసగా కనిపిస్తాయి. ఆ వరస చూడగానే మేం చెప్పేసేవాళ్ళం, ఫేజు పోయినా ఆపలేదని.

స్టార్టరు ఎగిరిపోతోందని దానికి పుల్ల దూర్చి నొక్కి ఉంచడం కూడా అంతే. మోటారు కాలుతున్నా, భారం ఎక్కువైతే ఆపాల్సిన రిలే దాన్ని ఆపలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు నీ చెయ్యి మోటారునీ పంపునీ కలిపే కప్లింగు మీద ఉంటే ఏమవుతుందో ఆలోచించు. పంపు దగ్గర ఏ పని చేసినా ముందు మూడు ఫీజు క్యారియర్లూ పీకి జేబులో వేసుకో. షెడ్డులో గూట్లో పెట్టకు, ఎవరో ఒకరు వచ్చి పెట్టేస్తారు.

షాఫ్టు పంపులోకి దూరే చోట ప్యాకింగు బిగించే గ్లాండు దగ్గర చుక్క చుక్క పడుతుంటే పడనీ, పూర్తిగా ఆగేదాకా బిగిస్తే షాఫ్టు అరుగుతుంది.

ఆదివారం పొద్దుటి బస్సుకి ఫుట్ వాల్వు తోలు వాషర్లు రెండు, ఒక పాత ట్యూబు, గజం ఎర్ర గుడ్డ పంపిస్తున్నాను. తోలు వాషరు వేసేముందు రాత్రంతా నూనెలో నాననివ్వు. విప్పిన పాత వాషరు పారెయ్యకు. నేనొచ్చినప్పుడు చూస్తాను. ఒక పక్కే అరిగి ఉంటే వాల్వు వంకరగా కూర్చుందన్నమాట, అప్పుడు కొత్తది వేసినా నెల తిరక్కుండానే మళ్ళీ నీళ్ళు దిగిపోతాయి.

మీ పెదనాన్న