పదో తరగతి తర్వాత ఐటీఐ మంచిదా, పాలిటెక్నిక్ మంచిదా?

ముందు లెక్కలు ఎలా వస్తాయో చూసుకోండి. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. మొదటి ఏడాదిలోనే ఇంటర్ స్థాయి లెక్కలు మీద పడతాయి, ఎక్కువమందికి బ్యాక్‌లాగులు మిగిలేది అక్కడే. సీటుకు పాలిసెట్ రాయాలి: 120 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటీ వదలకండి. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఇంజినీరింగ్ దాకా వెళ్లాలనుంటే ఇదే దారి.

త్వరగా చేతికి పని రావాలంటే ఐటీఐ. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. వెల్డర్ ఒక్క ఏడాదే. చేరేముందు కాలేజీకే కాదు, మీరు తీసుకునే ట్రేడుకూ (కోర్సుకూ) ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) లేదా ఎస్‌సీవీటీ (రాష్ట్ర మండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి. ఆ రెండింటిలో ఏదీ లేని సర్టిఫికెట్ రైల్వే దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. వర్క్‌షాప్‌కు కూడా వెళ్లి చూడండి. మోటార్ వైండింగ్ పిల్లలు స్వయంగా చేస్తున్నారా, బోర్డు మీద బొమ్మతో సరిపెడుతున్నారా?

ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌షిప్ (సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) మాత్రం మానొద్దు. స్టైపెండ్ తక్కువని చాలామంది వదిలేస్తారు, అది నష్టం. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసి ఎన్‌ఏసీ (జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్) తెచ్చుకున్నవాళ్లకు రైల్వే లెవెల్-1 (గ్రూప్-డి) ఉద్యోగాల్లో 20 శాతం కోటా ఉంది.

ఇంకొకటి: పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ ఒకేలా లేకపోతే ఈ సెలవుల్లోనే సరిచేయించండి. కౌన్సెలింగ్ రోజు మీసేవ చుట్టూ తిరగడానికి టైముండదు.